అరవై నాలుగు చుట్లు

చండూరు బస్టాండు వెనుక, టైర్ల దుకాణం పక్కన
నా రేకుల షెడ్డు.
వార్నిషు, మాడిన కాగితం, రాగి:
కాలిన మోటార్ల వాసనే ముందుగాల ఎదురొస్తది.

నాకప్పుడు ముప్పై ఎనిమిదేండ్లు.
వెన్నుపూస మాత్రం డెబ్బై దాటింది.
చిన్ననాటి బోరునీళ్లు ఎముకలల్ల సున్నమై దిగినయి.
మెడ తిప్పాల్నంటే మొత్తం మనిషిని తిప్పాలె.
పైన మొగులెట్లున్నదో
గుంతలల్ల నిలిచిన వాననీళ్లల్ల చూసుకుంటుంటి.

బుగ్గయ్య ఆలంపురం దిక్కు నుంచి వచ్చిండు,
అల్లుని మూడు హార్స్‌పవర్ మోటారు ఆటోల ఏసుకొని.
మెడల రుద్రాక్షల్లేవు. జేబుల బీడీకట్ట.
పొద్దంత కూసున్నడు, ఒక్క మాట లేదు,
నా చేతులే చూసుకుంట.
తీగె చుట్టి చుట్టి
అరవై నాలుగు కాడ తుంచిన.

"లెక్క తప్పితే?"
"కాలుతది."
"ఎన్ని కాలినయి ఇప్పటికి?"
"మూడు. ఒకటి మా నాయిన పోయిన దినం."

బీడీ ముట్టిచ్చుకున్నడు.
"అమ్మోరి చుట్టు అరవై నలుగురు యోగినులంటరు.
పొద్దుకు ఇన్నిసార్లు పిలుస్తున్నవు గద,
ఒక్కతన్న మొఖమెత్తి చూసినవా?"

ఆ రాత్రే అడిగిన నాకు మంత్రం కావాల్నని.
నడుం నిటారుగ ఉంటెనే సాధనంటరు,
నా వంకర ఒళ్లుకు అది అచ్చొస్తదా అని.
"కొడవలిని సాపు జేసి
వరి కోసినోన్ని చూసినవా?" అన్నడు.
మంత్రమియ్యలే. పని చెప్పిండు:
"త్రీఫేజు పోయే యాళ్లకు మేలుకొని ఉండు. అందరు తిడుతరు.
నువ్వు విను."

మొదటి ఆర్నెల్లు నాకు వినవడ్డది నా అప్పులే.
తర్వాత దోమలు. తర్వాత పక్కల చంద్రకళ
నిద్రల పండ్లు కొరుకుడు.
కుక్కలు, లారీలు, మల్ల అప్పులు.

ఒక ఎండకాలం రాత్రి
రెండుంబావుకు కరెంటు పోయింది.
పొలాలల్ల గుయ్యిమనుడు ఒక్కసారే తెగలే,
మెల్లగ మెట్లు దిగింది.
పక్క తోటల, పైపు నీళ్లు
ధారై, సన్నదారమై, చుక్కలై
చుక్కకు చుక్కకు నడుమ జాగ పెరిగి పెరిగి
ఒకటి పడ్డది.
అదే ఆఖరిదని దానికి తెల్వదు, నాకూ తెల్వదు.
ఇంకోటొస్తదని చెవులు చాచి ఉన్న.
రాలే.
చెవులు మాత్రం చాచుకొనే ఉన్నయి
దేనికోసమో కాదు,
ఉట్టిగనే.

తెల్లారి చాయ తాగుతుంటే
గిలాస అంచు పెదవికి తాకిన చోటు
ఇంతకు ముందు లేని ఊరోలె అనిపిచ్చింది.
చంద్రకళ అన్నది: "పక్కింటి బర్రె నెమరేస్తుంటే
పని ఇడిసిపెట్టి వింటున్నవు, సోయున్నదా?"
ఉన్నది. అదే కొత్త.

ఫోన్ల మోటారు సప్పుడు వినిపిస్తే
ఏ బేరింగు పోతదో చెప్పుడు మొదలువెట్టిన.
మర్రిగూడ నుంచి గూడ వచ్చిన్రు, మహిమన్నరు.
ఒకడు కొబ్బరికాయ తెచ్చిండు.
బుగ్గయ్యకు ఫోన్ జేస్తె దగ్గుకుంట నవ్విండు:
"మహిమ గాదు కొడుకా, చెవుల గుబిలి పోయింది.
అమ్ముకుంటె మల్ల మూసుకుంటది."
కొబ్బరికాయ చెట్నీకి వాడినం.

నొప్పి పోలే. అబద్ధమెందుకు?
మునుపు నొప్పీ నేనూ ఒక్కటే ముద్ద.
ఇప్పుడు దానికి అంచులున్నయి;
ఎక్కడ మొదలైతదో ఏలు పెట్టి చూపిస్త,
అది లేని జాగ
మోకాలి కింద, ఎడమ చెవి వెనుక,
ఎంత ఉన్నదో గూడ.

పోయిన చలికాలం బుగ్గయ్య ఫోను మోగి మోగి ఆగింది.
ఆ ఆగిన కాడ కొంచెంసేపు కూసున్న.

ఇయ్యాల షెడ్డుల ఎనిమిది మోటార్లు, బయట ఎండ,
మోటారుకొక రైతు, రైతుకొక తిట్టు.
పని నేర్చుకుంటున్న ఖలీలు కాగితాలు కత్తిరిస్తుండు.
చేతిల తీగె బిగువుగ, వెచ్చగ,
అరవై రెండు,
అరవై మూడు.
చెయ్యి ఆగింది.

"లెక్క మర్చిపోయినవా అన్నా?"

లేదురా.
ఉండు, ఇంకొక్కతి రావాలె.